తాళం తప్పని వణుకు

నొప్పితో మూలుగుతున్న మనిషిని నమ్మకుండా కూర్చోవడం చాలా అసహ్యమైన పని. థెమెలీనా ఆ ఉదయం నుంచీ అదే పనిలో ఉంది, అదీ ప్రభుత్వ జీతం తీసుకుని.

మంచం మీద నోమీకోస్ పడుకుని ఉన్నాడు. వాథోనీసి ద్వీపంలో స్పాంజీల కోసం సముద్రంలో మునిగేవాళ్ళలో అతన్ని మించినవాడు లేడు. ఇప్పుడు మాత్రం మెడదాకా లాక్కుని, ఎవరినీ తియ్యనివ్వని ఆస్పత్రి కంబళి, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. కంబళి కింద ఎడమకాలు దడదడా వణుకుతోంది.

"నడుం కింద నుంచి ఏమీ తెలియట్లేదక్కా," అన్నాడు మాస్కు లోంచి. "కాళ్ళు నావి కావనిపిస్తోంది. చీమలు పాకుతున్నాయి."

"ఏమీ తెలియని చోట చీమలెలా తెలుస్తున్నాయిరా?"

"నడుం దగ్గరికొచ్చి ఆగిపోయాయి," అన్నాడు.

"ఎంత లోతుకి దిగావు?"

"నలభై మీటర్లు. తెల్లారుతుండగా, కొండముక్కు అవతల. అక్కడ స్పాంజీలు తియ్యకూడదని నాకు తెలుసు. జరిమానా రాసుకో, కడతాను. కింద ఒక రొఫోస్ చేప ఎదురొచ్చింది. దూడంత ఉంది. అది నన్ను చూసిన చూపుకి గుండె జారిపోయి ఒక్క ఉదుటున పైకి వచ్చేశాను."

"చేపకి భయపడ్డావా? నువ్వు?"

"దాని చూపు నువ్వు చూడలేదక్కా."

డాక్టర్ లీడియా మంచానికి అటువైపు నుంచి గట్టిగా దగ్గింది. ఉత్తరాది నుంచి ఉద్యోగానికి వచ్చిన చిన్నపిల్ల. ద్వీపంలో అందరూ ఆమెకి బలవంతంగా తేనె తినిపించి నాలుగు కిలోలు పెంచారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ రోగానికి వైద్యం ఒత్తిడి గదిలో పెట్టడమే, అది ఉన్నది ఏథెన్స్‌లో. హెలికాప్టర్ బయల్దేరింది. గాలి ఇంకా పెరిగేలోపు ఒక్కసారి దిగుతుంది, ఒక్క స్ట్రెచర్‌కే చోటు. ఇవాళ మళ్ళీ రాదు. ఈయన్ని ఇప్పుడు పంపకపోతే జన్మంతా చేతికర్రే. మీకు నేను వేరే చెప్పక్కర్లేదు."

అవును, వేరే చెప్పక్కర్లేదు. థెమెలీనా తండ్రి సకెల్లారిస్ ఆమె పుట్టక ముందే నీళ్ళలోంచి అలా తొందరపడి పైకి వచ్చాడు. ఆమెకి తెలిసిన తండ్రికి మొదటినుంచీ మూడు కాళ్ళు, అందులో ఒకటి చెక్కది.

అయినా, నోమీకోస్ అబద్ధమాడుతున్నాడని లోపలెక్కడో ఒక గొంతు మొండిగా చెబుతోంది. ఆ గొంతు తప్పయితే ఒక మనిషి కాళ్ళు ఆమె చేతులారా పోతాయి. ఒప్పయితే ఈ హెలికాప్టర్‌లో రోగితో పాటు ఇంకొకటి కూడా ఎగిరిపోతుంది.

అది ఒక కంచు చెయ్యి. రెండువేల ఏళ్ళ నాటి విగ్రహానిది, మణికట్టు దాకా. పోయిన వారం నలభై మీటర్ల అడుగున పాత ఓడ శిథిలంలో దొరికింది. ఏథెన్స్ నుంచి నిపుణులు వచ్చేదాకా కదపవద్దని దాని మీద ఇనుప వల కప్పి, తీరరక్షక దళాన్ని కాపలా పెట్టారు. ఇవాళ పొద్దున వల ఉంది, చెయ్యి లేదు. గాలి వల్ల ఓడలన్నీ ఆగిపోయాయి, రేవులో ప్రతి పడవనీ తనిఖీ చేస్తున్నారు. ద్వీపం నుంచి తనిఖీ లేకుండా బయటికి పోగలిగేది ఇప్పుడు ఒక్క రోగి మాత్రమే.

తలుపు ధడాలున తెరుచుకుంది. లెఫ్టినెంట్ కీమోన్ ఒక చేత్తో కాఫీ కప్పు, మరో చేత్తో సోడా సీసా పట్టుకుని లోపలికి వచ్చాడు. పైరేయస్ పట్నం మనిషి, తీరరక్షక దళం అధికారి. ద్వీపంలోని ఈతగాళ్ళందరికీ మునక పాఠాలు చెప్పే హక్కు తనొక్కడికే ఉందని అతని నమ్మకం. రేవు గోడ మీద ఆరడుగుల పోస్టరు అంటించింది కూడా అతనే: 'నీ నోట్లోంచి వచ్చిన అతి చిన్న బుడగ కంటే ముందు పైకి రాకు.'

"మేడమ్, మీరింకా ఇక్కడే ఉన్నారా? దొంగని నేను పట్టుకుని రెండు గంటలయింది."

"ఎవరిని?"

"ఒక స్విస్ పర్యాటకుణ్ణి. నీళ్ళలో వెలిగే టార్చి దొరికింది."

"ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. ఆ టార్చి స్నానాల గదిలో కరెంటు పోతే వాడుకోవడానికని ఏడుస్తూ చెప్పాడు."

"ఏడ్చాడంటేనే తెలియట్లా?" కీమోన్ కుర్చీలో కూలబడి, చొక్కా కిందినుంచి పొట్ట బరబరా గోక్కున్నాడు. "మా అత్తగారు ఉన్ని బనియను పంపింది. ముళ్ళకంప తొడుక్కున్నట్టుంది. ఇదిగో డాక్టరమ్మా, మీ నర్సులకి పాఠం చెప్దామని సీసా తెచ్చాను. చూడండి. లోతుకి వెళ్ళే కొద్దీ పైన నీటి బరువు. ఆ బరువుకి మనం పీల్చే గాలి రక్తంలోకి, కండల్లోకి, ఎముకల సందుల్లోకి ఇంకిపోతుంది. ఎలా? ఈ సోడాలో ఇంకినట్టు. కంటికి కనపడుతుందా? లేదు. నెమ్మదిగా పైకి వస్తే వచ్చిన దారినే ఊపిరిలో బయటికి పోతుంది. మూత ఇలా కొంచెం కొంచెంగా తిప్పాలి. అదే తొందరపడి..."

అతని వేళ్ళు మూత మీద పట్టు తప్పాయి. సీసా బుస్సుమంది. సోడా సగం కీమోన్ మీసాల మీద, మిగతా సగం థెమెలీనా యూనిఫాం మీద పడింది.

"...ఇలా," అని ముగించాడు కీమోన్, పాఠం అనుకున్నట్టే జరిగిందన్న ముఖంతో. "ఆ నురగ వెన్నెముకలో పుడితే కాళ్ళు పోతాయి. పాపం, వీడికి జరిగింది అదే. రోగిని పీడించకండి మేడమ్."

"రోగిని తనిఖీ చెయ్యాలి."

"కుదరదు. సముద్రంలో జరిగిన ప్రమాదం నా పరిధి. స్ట్రెచర్ మీదున్న మనిషి జేబులు పోలీసులు వెతికారని పత్రికలో పడితే మంత్రిగారు నన్నడుగుతారు."

"చెయ్యి పోయిందని మంత్రిగారికి చెప్పింది మీరేనటగా?"

కీమోన్ ముఖం వెలిగింది. "ఇంకెవరు? తెల్లారగానే నేనే దిగాను. వల ఖాళీగా ఉంది. అరగంట చుట్టూ వెతికాను, ఎక్కడా లేదు. ఇక ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. ఏడు కొట్టకముందే మంత్రిత్వశాఖకి ఫోన్ చేశాను. మీరప్పటికి ఇంకా పళ్ళు తోముకుంటున్నారు."

అది నిజమే. ఆ సంగతి పొద్దుటి నుంచీ థెమెలీనాకి పంటికింద రాయిలా ఉంది. ఇంతకీ తను వెతుకుతున్నది నిజాన్నా, ఈ మనిషి ఓటమినా? రెండూ ఒకచోటే దొరుకుతాయన్న ఆశ ఉన్నప్పుడు వాటిని విడదీసి చూడటం కష్టం. అనుమానం అనేది చాలాసార్లు, ముఖం కడుక్కుని వచ్చిన కోరికే.

"సరే. రోగిని ముట్టుకోను. అతని పడవని ముట్టుకోవచ్చుగా?"

"నేను లేకుండా కుదరదు."

పడవ ఆస్పత్రి కిందున్న చిన్న రేవులోనే కట్టి ఉంది. థెమెలీనా మెట్లు గబగబా దిగింది. కీమోన్ పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ, పెళ్ళిలో పెద్దమనిషిలా దిగాడు. అధికారం మనిషిని ఎంత నెమ్మది చేస్తుందో అనుకుంది ఆమె.

పడవలో గాలి సిలిండర్లు రెండు. ఒకటి నోమీకోస్ వీపున కట్టుకునే పెద్దది. రెండోది చిన్నది, పొడుగాటి తాడు మధ్యలో బిగించి ఉంది. తాడు కొసన సీసపు గుండు. తాడు పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంది. చిన్న సిలిండర్ పక్కనే తాడుని ఉయ్యాలలా ఉచ్చు వేసి, కూర్చోవడానికి వీలుగా ఒక చెక్క దూర్చాడు. చెక్కకి పాత దిండు గలీబు చుట్టాడు, ఒరుసుకోకుండా.

థెమెలీనా చిన్న సిలిండర్ మీటరు చూసింది. ముల్లు అడుగున ఉంది.

"ఇది ఖాళీ."

"అయితే?" కీమోన్ రేవు గట్టు మీద కూర్చుని భుజం నొక్కుకుంటున్నాడు.

"ఈ తాడు పద్ధతి మీరే నేర్పించారు లెఫ్టినెంట్ గారూ. పైకి వచ్చే దారిలో, అయిదు మీటర్ల దగ్గర ఆగి, ఒంట్లో ఇంకిన గాలి పోయేదాకా అక్కడే కూర్చోవాలి. అంతసేపు కూర్చోవడానికే ఈ రెండో సిలిండర్. చేపకి భయపడి పరిగెత్తుకొచ్చినవాడు దారిలో దిండు మీద కూర్చుని ఇంకో సిలిండర్ ఖాళీ చేస్తాడా?"

"నిన్నటిదేమో."

"తాడు ఇంకా కారుతోంది."

"అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక్కోసారి వస్తుంది మేడమ్ ఈ రోగం. మీకు సముద్రం తెలియదు. ఈతరాని పోలీసుతో మునక గురించి మాట్లాడటం నా ఖర్మ."

ఆ మాట నిజమే. ఆగినా రావచ్చు. అందుకే లీడియా కూడా అనుమానం ఉంటే పంపాల్సిందే అంటుంది. ఎక్స్‌రేలో కనపడే రోగం కాదది, రోగి చెప్పిందే సగం సాక్ష్యం. ఖాళీ సిలిండర్‌ని నమ్మి ఒక మనిషి కాళ్ళు పణంగా పెట్టగలదా తను?

దూరంగా ఆకాశంలో చప్పుడు మొదలయింది.

ఆమె మెట్లెక్కి తిరిగి గదిలోకి వచ్చేసరికి నోమీకోస్ కాలు అలాగే వణుకుతోంది. ఎడమకాలు మూడు దడలు. చిన్న విరామం. మళ్ళీ మూడు. తర్వాత భుజం ఒక్కసారి కుదుపు, తల పక్కకి. మళ్ళీ మొదటి నుంచి. థెమెలీనా తలుపు దగ్గరే ఆగిపోయింది. దీన్ని ఎక్కడో చూసింది. ఇంట్లో కాదు. ఇంట్లో తండ్రి కాలు ఎప్పుడు వణుకుతుందో తండ్రికే తెలియదు. సూప్ గిన్నె ఒళ్ళో పెట్టుకున్నప్పుడే వణుకుతుంది, లేదా ప్రార్థనలో అందరూ కదలకుండా నిలబడ్డప్పుడు.

ఊరి చౌకులో చూసింది. పోయిన ఈస్టర్‌కి.

పాడైన కాళ్ళతో వచ్చిన మునకగాడి ఆట అది. మిహానికోస్ అంటారు. వరసకి ముందు నిలబడ్డవాడు చేతికర్ర మీద ఒరిగి, కాళ్ళు వణికించుకుంటూ, పడబోతూ, లేస్తూ అడుగులు వేస్తాడు. ప్రతి ఏడూ ముందు నిలిచేది నోమీకోసే. మొదటి బల్ల దగ్గర సకెల్లారిస్ కూర్చుని తీర్పులు చెబుతుంటాడు. ఆ రాత్రి ఆయన గ్లాసు దించి ఒక మాటన్నాడు: "వీడు నాకంటే బాగా వణుకుతాడే. నాకు నలభై ఏళ్ళయినా తాళం కుదర్లేదు." బల్ల చుట్టూ అందరూ విరగబడి నవ్వారు. థెమెలీనా కూడా నవ్వింది.

ఇప్పుడు నవ్వలేదు. ఫోను తీసి ఆ రాత్రి తీసిన వీడియో వెతికి, కిటికీ గట్టు మీద పెట్టి నొక్కింది. వయొలిన్ మొదలయింది.

"ఏమిటిది?" అంది లీడియా. "ఇది ఆస్పత్రి!"

"ఒక్క నిమిషం డాక్టరమ్మా. కాలు చూడండి. ముఖం వద్దు, కాలు చూడండి."

కంబళి కింద కాలు మొదట తడబడింది. మూడు దడలు వయొలిన్ కంటే కొంచెం ముందు పడ్డాయి. నోమీకోస్ కళ్ళు మూసుకుని పళ్ళు బిగించాడు. పాపం, పోరాడుతున్నాడు. కానీ ఏడేళ్ళ వయసు నుంచి ఒంట్లో ఇంకిన పాట అది. రెండో చరణానికి కాలు దారికొచ్చేసింది. దడదడదడ, విరామం, దడదడదడ. వయొలిన్ లాగితే కాలు లాగింది. వయొలిన్ నిలిస్తే కాలు గాల్లో నిలబడింది.

థెమెలీనా ఫోను మీద వేలు పెట్టింది. పాట ఆగింది.

కాలు ఆగింది.

నోమీకోస్ ఒక కన్ను తెరిచాడు. అందరూ తన కాలినే చూస్తున్నారని గమనించి, ఆలస్యంగా, మర్యాద కోసం అన్నట్టు మళ్ళీ వణికించాడు.

"లీడియా, కొంచెం పక్కకి జరగండి," అంది థెమెలీనా, పాట మళ్ళీ నొక్కి, గంతుల భాగానికి జరిపి. అక్కడ మునకగాడు కర్ర విసిరేసి, బాగుపడ్డట్టు కల కని గంతులు వేస్తాడు. వయొలిన్ ఉరకలెత్తింది. మంచం మీద రెండు మడమలూ ఒకేసారి టకటకలాడాయి. నడుం కింద ఏమీ తెలియని మనిషి మోకాళ్ళు కంబళిని గుడారంలా ఎత్తేశాయి.

ఆమె కంబళి లాగేసింది.

నోమీకోస్ రెండు చేతులూ గుండెల మీద ముడుచుకుని ఉన్నాయి, పూజారి దీవెన కోసం ఎదురుచూస్తున్నట్టు. విప్పిన చొక్కాలోంచి, ఆ రెండింటి మధ్య మూడో చెయ్యి బయటికి చాచి ఉంది. పచ్చగా, చిలుం పట్టి, ఎవరో భిక్ష అడిగినట్టు అరచెయ్యి పైకి పెట్టి.

లీడియా మూడూ లెక్కపెట్టి, కుర్చీ కోసం తడుముకుంది.

"ఆ వయొలిన్ మిహాలిస్ మామది కదూ?" అన్నాడు నోమీకోస్ మాస్కు తీసేసి, కొంచెం కోపంగా. "అన్యాయమక్కా. ఆయన వాయిస్తే శవం కూడా లేచి కూర్చుంటుంది."

"నువ్వు చెప్పిన వేళ కూడా అబద్ధమే కదూ? ఎప్పుడు దిగావు?"

"తెల్లారక ముందే. కంచు బరువు, చీకటి, అయినా చెప్పినట్టే వచ్చాను. అయిదు మీటర్ల దగ్గర ఆ పాడు చెక్క మీద కూర్చుని చలికి గడ్డకట్టిపోయాను. దూరంగా లెఫ్టినెంట్ గారి పడవ చప్పుడు వినపడేదాకా అక్కడే ఉన్నాను. మా పెదనాన్న ఎలా పోయాడో చూశాను. నేను దొంగనే గానీ పిచ్చోణ్ణి కాదక్కా. పైకి వచ్చేటప్పుడు ఎవడైనా తొందరపడతాడా?"

బేడీలు వేస్తున్న థెమెలీనా చేతులు ఆ మాట దగ్గర ఆగాయి. ఎందుకు ఆగాయో వెంటనే తెలియలేదు. ఏదో ఒక వాక్యం, పొద్దున విన్నదే, లోపల ఇంకిపోయి ఉన్నది, ఇప్పుడు పైకి రావడం మొదలుపెట్టింది.

హెలికాప్టర్ ఆస్పత్రి వెనక మైదానంలో దిగింది. కిటికీ అద్దాలు గణగణలాడాయి. కీమోన్ తలుపు దగ్గర, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఓడినవాడు నెగ్గినవాడి కంటే ముందు మాట్లాడాలన్నది అతని పద్ధతి.

"నా శిక్షణ!" అన్నాడు. "చూశారా మేడమ్, దొంగ కూడా నా పోస్టరు చదివి నెమ్మదిగా పైకొచ్చాడు. డాక్టరమ్మా, పైలట్‌కి చెప్పండి. రోగి లేడు, వెళ్ళిపొమ్మనండి. నా పేరు చెప్పండి."

లీడియా బయటికి నడిచింది. కీమోన్ ఫోటో కోసమని కంచు చేతిని అందుకున్నాడు. అతని వేళ్ళు దాని చుట్టూ మూసుకోలేదు. చెయ్యి జారి పరుపు మీద పడింది. కీమోన్ తన వేళ్ళని, అవి ఇంకెవరివో అన్నట్టు చూసుకున్నాడు.

థెమెలీనా అతన్ని చూసింది. పొద్దుటి నుంచీ మొదటిసారి నిజంగా చూసింది. ఇష్టంలేని మనిషిని మనం చూడం, భరిస్తాం అంతే. ఉన్ని బనియను. మెట్ల మీద పెద్దరికం. పట్టు తప్పిన సోడా మూత. భుజం నొప్పి. అన్నింటినీ చూసింది, అన్నింటినీ అతని బడాయి ఖాతాలో వేసేసింది. లోపల ఇంకిన వాక్యం ఇప్పుడు పైకి తేలింది: ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు.

"లెఫ్టినెంట్ గారూ. అయిదు మీటర్ల దగ్గర మీరెంతసేపు ఆగారు?"

"ఎక్కడ?"

"పొద్దున. వల ఖాళీగా ఉందని చూసి పైకి వస్తున్నప్పుడు."

కీమోన్ చొక్కా అంచు కిందికి లాక్కున్నాడు.

"మంత్రిగారికి..." అన్నాడు. "మీరు ముందు ఫోన్ చేసేస్తారేమోనని..."

"చొక్కా ఎత్తండి."

"మేడమ్!"

ఆమె తనే ఎత్తింది. బనియను కింద పొట్ట నిండా పాలరాతి మీద గీతల్లా ఎర్రని, నీలపు మచ్చలు. మంచం మీది నుంచి నోమీకోస్ బేడీలతోనే లేచి కూర్చున్నాడు.

"అయ్య బాబోయ్," అన్నాడు నెమ్మదిగా. "మా పెదనాన్నకీ ఇలాగే."

"బనియనే!" అని అరిచాడు కీమోన్. "బనియను మచ్చలివి! నాకెలా వస్తుంది? నేను... ఆ పోస్టరు అంటించినవాణ్ణి నేను!"

గోడని వదిలి, నిరూపిస్తానన్నట్టు ఒక అడుగు ముందుకు వేశాడు. రెండో అడుగు రాలేదు. థెమెలీనా పట్టుకునేలోపే మోకాళ్ళు మడత పడ్డాయి. బయట రెక్కల చప్పుడు పెద్దదవుతోంది. మైదానంలో దుమ్ము లేచింది.

"లీడియా!" అని ఆమె కిటికీలోంచి గొంతు చించుకుంది. "ఆపండి! ఆపండి వాళ్ళని! రోగి ఉన్నాడు!"

దుమ్ములో తెల్లకోటు ఒకటి వెనక్కి తిరిగింది. విన్నదో లేదో. తర్వాత హెలికాప్టర్ వైపు చేతులూపుతూ పరుగెత్తింది. నోమీకోస్ మంచం దిగి, బేడీలు పడ్డ రెండు చేతుల్తోనే స్ట్రెచర్‌ని తలుపు వైపు తోసుకొస్తున్నాడు. నడుం కింద అంతా చక్కగా పనిచేస్తోంది.

థెమెలీనా నేల మీద కూర్చుని కీమోన్ తలని ఒళ్ళోకి తీసుకుంది. అతని ఎడమకాలు వణకడం మొదలుపెట్టింది. ఒక దడ. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అయిదారు, ఒకదాని మీద ఒకటి పడుతూ. కిటికీ గట్టు మీద ఫోనులో ఆ ఈస్టర్ రాత్రి ఇంకా మోగుతూనే ఉంది. చప్పట్లు, ఈలలు, ఉరకలు వేసే వయొలిన్. ఎక్కడో ఆ జనంలో తన తండ్రి నవ్వు.

"ఆడుతున్నానంతే," అన్నాడు కీమోన్ ఆమె వైపు చూస్తూ, ఎలాగో నవ్వడానికి ప్రయత్నిస్తూ. "మీరు నమ్మేశారా?"

పాట అయిపోయింది.

కాలు ఆగలేదు.